శ్లాబు లోపలి తుప్పు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. నేను మా ఇంటి శ్లాబు గురించి చెబుతాను. నా చేతిలోని ఈ చువ్వ ముక్క అందులోదే. వేసిననాడు 8 మి.మీ. లావుండేది. ఇప్పుడు అగరుబత్తి పుల్లంత మిగిలింది.

నేను ఇంజనీరును కాను. ఒక ఇంజనీరింగు కార్యాలయంలో ఎస్టిమేట్లకు నకళ్ళు రాసి, బిల్లులు సరిచూసి రిటైరయిన గుమాస్తాను. 1989లో అప్పు తీసుకుని ఇల్లు కట్టాను. శ్లాబు వేసింది మే నెలలో. చువ్వలకు, సెంట్రింగు రేకులకు మధ్య పెట్టవలసిన సిమెంటు బిళ్ళలు మేస్త్రి పెట్టలేదు. నేను గొడుగు వేసుకుని అక్కడే నిలబడి ఉన్నాను. కూలీలకు మజ్జిగ పోయించడంలో చూపిన శ్రద్ధ అటువైపు చూపలేదు. నీటి ఎద్దడి వల్ల మడులు కట్టి నాలుగు రోజులు మాత్రమే తడిపాము. కనీసం ఏడు రోజులు తడపాలని, మన ఎండల్లో పది రోజులైతే మేలని ఆఫీసు కాగితాల్లో ఎన్నిసార్లు రాశానో!

మంచి కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ. అది ఉన్నంతకాలం ఉక్కు మీద కంటికి కనబడని పొర ఒకటి కాపలా కాస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి లోపలికి ఇంకితే ఆ క్షారం తగ్గిపోతుంది. ఉప్పు చేరితే క్షారం ఉన్నా ఆ పొర తెగుతుంది. ఆపైన చెమ్మ తగిలితే తుప్పే. తుప్పు తాను తిన్న ఇనుముకంటే రెండు మొదలు ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు చీలి పెచ్చులూడుతుంది. టి.ఎం.టి. చువ్వలకు తుప్పు పట్టదనే మాట కూడా నమ్మకండి.

మా ఇంట్లో చువ్వ వెంబడే సన్నని బీట కనబడింది. మూడుసార్లు సిమెంటు పూయించి సున్నం వేయించాను. 2016లో ఒక మధ్యాహ్నం, మా ఇంటావిడ కూరగాయలు తరిగే పీట మీద పెచ్చు పడింది. పాలు పొంగుతున్నాయని ఆమె అప్పుడే లేచి వెళ్ళింది. నేను రాసిన నకళ్ళన్నీ ఆ క్షణంలో గుర్తుకొచ్చాయి.

మన గాలిగోపురాన్ని రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు 1807-09 మధ్య కట్టించారు. అప్పటికి ఈ ఉక్కు కాంక్రీటు పుట్టనేలేదు. తీరప్రాంతం సంగతి వేరు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లలో కొన్ని, జనం తలదాచుకోవలసినవే, ఉప్పుగాలికి పెచ్చులూడి శిథిలమయ్యాయి. గోవాలో 1970లో కట్టిన మాండవి వంతెన లోపలి ఉక్కు తీగలు తుప్పుపట్టి 1986లో కూలింది. అందుకే 2000 నాటి ఐ.ఎస్. 456 ప్రమాణం ఇంటిలోపలి శ్లాబులో చువ్వ కింద 20 మి.మీ. కాంక్రీటు చాలంటూ, సముద్రతీరంలో 45 ఉండాలంటుంది. బాపట్ల, రేపల్లె వైపు ఇల్లు కట్టుకునే పిల్లలుంటే బోరు నీటిలో ఉప్పు ఎంతుందో ముందుగా పరీక్ష చేయించమనండి.

ఇక మరమ్మతు. ముందు నీటి కారుడు ఎక్కడిదో పట్టుకోవాలి. మాకు మేడమీది ట్యాంకు గొట్టం. తర్వాత చిన్న సుత్తితో కొట్టి చూడాలి, డొల్లగా మోగినచోట కాంక్రీటు విడిపోయినట్టే. ఇంజనీరును పిలిచి, కింద పోట్లు పెట్టించి, చువ్వ వెనక్కి వేలు దూరేదాకా చెక్కించాలి. తీగ బ్రష్షుతో తుప్పంతా గీకించాలి. సన్నబడిన చువ్వకు పక్కన కొత్తది జోడించి, జింకు పూత పూసి, పాలిమర్ కలిపిన మోర్టారు దట్టించి తడపాలి. మాకు ఇందుకు ఒక డిపాజిట్టు రద్దు చేసుకోవలసి వచ్చింది. మొదటి బీటనాడే చేయించి ఉంటే ఒక నెల పింఛనుతో పోయేది.

ఈ ముక్కను వరుసగా చేతులు మార్చుకుని చూడండి. పొట్టు రాలుతుంది, కింద కాగితం పట్టుకోండి. చూశాక నాకు తిరిగి ఇచ్చేయండి, మా అబ్బాయి ఇల్లు మొదలుపెడుతున్నాడు, వాడి మేస్త్రికి చూపించాలి.