దూరము కాదు, నమ్మకము

విజయవాడ నుండి దివిసీమలోని అవనిగడ్డకు రెండు త్రోవలున్నవి. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా పోవునది యొకటి. కృష్ణ దాటి తెనాలి, రేపల్లెల మీదుగా పోయి, పెనుమూడి–పులిగడ్డ వారధిపై మరల నదిని దాటునది రెండవది. ఈ రెండు త్రోవలను వార్తలు మోయు కేబుళ్లు వేసితిమనుకొందము. ఏ కేబులుపై వార్తను పంపవలెనో నిర్ణయించు యంత్రమునకు రౌటరని పేరు.

రౌటరునకు దారి చెప్పువారు పలువురు. పొరుగు రౌటర్లు తమలో తాము సంభాషించి తెలుపు దారులు కొన్ని. ఓఎస్‌పీఎఫ్, రిప్ అనునవి అట్టి సంభాషణా పద్ధతులు. మనుష్యుడు స్వయముగా వ్రాసియుంచిన దారి వేరొకటి. దానిని స్టాటిక్ రూట్, అనగా స్థిరమార్గము, అందురు. ఒకే గమ్యమునకు ఇరువురు వేర్వేరు దారులు చెప్పినచో ఎవరి మాట వినవలెను? దీనికై ఏర్పడిన అంకెయే అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్. పేరులో దూరమున్నను ఇది మైళ్ల లెక్క కాదు, నమ్మకపు లెక్క. అంకె చిన్నదైనకొలది నమ్మకము హెచ్చు. సిస్కో వారి రౌటర్లలో నేరుగా తగిలియున్న కేబులునకు 0, స్థిరమార్గమునకు 1, ఓఎస్‌పీఎఫ్‌నకు 110, రిప్‌నకు 120. 255 అన్నచో ఆ మాట నెన్నడును నమ్మరాదని యర్థము. ఇతర సంస్థల యంత్రములలో ఈ అంకెలు వేరుగా నుండును.

ఇందొక చిక్కు కలదు. చల్లపల్లి కేబులు పెద్దది. దాని దారిని ఓఎస్‌పీఎఫ్ తెలుపుచున్నది. రేపల్లె కేబులు సన్ననిది, ఆపత్కాలమునకై యుంచినది. రెండవదానిని స్థిరమార్గముగా వ్రాసి, అంకె చెప్పక విడిచినచో రౌటరు దానికి 1 వేసికొనును. 110 కంటె 1 చిన్నది గదా! పెద్ద కేబులు ఊరక పడియుండగా వార్తలన్నియు సన్ననిదానిపై క్రిక్కిరియును. యంత్రము తప్పు చేయలేదు, చెప్పినట్లే చేసినది.

కావున ఆ స్థిరమార్గమునకు 200 అని వ్రాయవలెను. అప్పుడది పట్టికలో కనబడక వేచియుండును. పెద్ద కేబులు తెగి, పొరుగు రౌటరు పలకరింపు సాధారణముగా 40 సెకండ్లు వినరాకున్నచో, ఓఎస్‌పీఎఫ్ దారి తొలగి స్థిరమార్గము ముందునకు వచ్చును. పెద్దది బాగుపడగానే మరల వెనుకకు తగ్గును. దీనినే ఫ్లోటింగ్ స్టాటిక్ రూట్ అందురు.

రెండు జాగ్రత్తలు వలయును. స్థిరమార్గము తన చివరి కేబులు బాగున్నంతవరకు నడిమి తెగుడును ఎరుగదు. కనుక ఆవలి యంత్రమును తరచు పలకరించి చూచు ఏర్పాటుండవలెను. ఈ అంకె ఏ రౌటరులో వ్రాసిన దానికే చెల్లును. కనుక తిరుగుదారిని ఆవలి చివరను గూడ వ్రాయవలెను.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఈ ప్రాంతము మరువలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ పేటలను ముంచినది. అప్పుడే ప్రకాశం బారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడువవలసివచ్చినది. అట్టి రాత్రి రెండవ దారి పనిచేయునో లేదో యని వెదకుట కూడదు. వానలకు ముందే, ఎండ కాయుచున్న దినమున, పెద్ద కేబులును మనమే ఊడదీసి చూతము. వార్త రేపల్లె మీదుగా చేరినచో రెండవ దారి పనిచేయుచున్నదని తెలియును.