రిపోర్టుల్లో కనపడని నొప్పి



పరీక్షలన్నీ నార్మల్‌గా ఉన్నాయని డాక్టరుగారు చెబితే ఎవరైనా సంతోషించాలి. మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా బంధువులమ్మాయికి మాత్రం ఆ మాట వినగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆర్నెల్లుగా మెడ, భుజాలు, నడుం ఒకటే నొప్పి. నిద్ర లేదు. "ఏమీ లేదన్నారుగా, ఇంకా మూలుగుడెందుకు?" అన్నారు అత్తగారు. ఆవిడననేముంది లెండి, చదువుకున్న భర్తా అదే మాటన్నాడు!

కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో, మూడు నెలలు దాటినా తగ్గని ఇలాంటి నొప్పిని జబ్బుగానే చేర్చారు.

మామూలు స్కానింగులో శరీర భాగాల ఆకారం తెలుస్తుంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వారు 2019లో 100 మంది స్కాన్‌లతో తయారుచేసిన భారతీయుల మెదడు పటం కూడా ఆకారానిదే. మెదడులో ఏ భాగం ఏ భాగంతో కలిసి పనిచేస్తోందో చూడటానికి ఇంకో రకం స్కాన్ ఉంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా మెదడులో కొన్ని భాగాలు జట్టుగా పనిచేస్తూనే ఉంటాయి. 2010లో అమెరికాలో నపడో అనే శాస్త్రజ్ఞుడి బృందం, ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్ళునొప్పుల జబ్బున్న 18 మందిని పరీక్షించింది. ఆ జట్టు, ఒంటి బాధను గమనించే ఇన్సులా అనే భాగంతో మామూలు వాళ్ళలో కంటే గట్టిగా ముడిపడి ఉందట. నొప్పి ఎక్కువున్న వాళ్ళలో ఆ ముడీ ఎక్కువే.

మన ఫ్లాట్లలో పొగ అలారం పోపు ఘాటుకే మోగిందనుకోండి. మంట లేదు, కానీ మోత అబద్ధమా?

అలాగని ఆ స్కాన్ కోసం డబ్బు తగలెయ్యకండి. అవి కొందరి సగటు లెక్కలు. ఒక మనిషి తల చూసి నొప్పి ఉందో లేదో తేల్చే పరీక్ష ఇంకా రాలేదు. జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళూ చేతులూ పట్టు తప్పడం ఉంటే మాత్రం మళ్ళీ డాక్టరుకు చూపించాలి.

వైద్యంలో మొదటిది కదలిక. రోజూ పది నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. వేళకు నిద్ర కావాలి. దిగులుకు వాడే మందుల్లో కొన్నింటిని డాక్టర్లు ఈ నొప్పికీ రాస్తారు. ఆ పేరు ఫోనులో వెతికి "పిచ్చిమందులిచ్చారు" అని ఇంట్లో గోల చేయకండి. చెప్పకుండా ఉన్నట్టుండి మాన్పించనూ వద్దు.