యంత్రాల సర్వీసు బుక్

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల ఇళ్లలో పిల్లలో, మనవలో నెట్‌వర్కు ఉద్యోగాలు చేస్తున్నవారు చాలామంది ఉన్నారు. ఏం పని చేస్తున్నావురా అని అడిగితే "కాన్ఫిగరేషన్ ఆటోమేషన్" అంటారు, మనం తలూపి ఊరుకుంటాం. ఆ మాట వెనక ఉన్న సంగతి విప్పి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఇందులో మనకు తెలియనిది కొంత ఉంది. తెలిసినది అంతకంటె ఎక్కువే ఉంది.

ముందు కాన్ఫిగరేషన్ అంటే ఏమిటో చూద్దాం. స్ట్రౌజర్ రోజుల్లో ఒక కాల్ ఏ దారిన పోవాలన్నది తీగల్లో ఉండేది. దారి మార్చాలంటే టంకం కరిగించి తీగ మార్చాలి. ఈ-10బి, సి-డాట్ ఎక్స్చేంజీలు వచ్చాక తీగ స్థానంలో డేటా వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యంత్రం అన్ని ఊళ్లకూ ఒకటే. దాన్ని విజయవాడ ఎక్స్చేంజిగానో వరంగల్లు ఎక్స్చేంజిగానో చేసేది మనం అందులో ఎక్కించే నంబర్లు, రూట్లు, ట్రంకు గ్రూపులు. ఆ డేటాను టేపు మీదికి దించి బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. యంత్రం పాడైతే ఇంకో యంత్రం తెప్పించుకోవచ్చు, డేటా పోతే మాత్రం ఊరి ఊరంతా మూగబోతుంది.

ఇంటర్నెట్టును నడిపే రూటర్లదీ ఇదే కథ. ఒక్కో రూటరులో వందలు, వేలు పంక్తుల కాన్ఫిగరేషన్ ఉంటుంది. ఏ పోర్టు తెరిచి ఉండాలి, ఏ చిరునామా ఎటు పోవాలి, ఎవరిని లోపలికి రానివ్వకూడదు అన్నీ అందులోనే. మొదట్లో ఇదంతా మనిషి కూర్చుని టైపు చేసేవాడు. యంత్రం తెర మీద జవాబిచ్చేది, దాన్ని మనిషి చదువుకునేవాడు. ఒక్కో కంపెనీది ఒక్కో కమాండు భాష.

పది రూటర్లుంటే ఈ పద్ధతి నడుస్తుంది. పది వేలుంటే నడవదు. అందుకని తెలివైన కుర్రాళ్లు మనిషికి బదులు ఒక ప్రోగ్రాము చేత టైపు చేయించి, తెర మీద వచ్చిన జవాబును దాని చేతనే చదివించడం మొదలుపెట్టారు. వచ్చిన చిక్కల్లా ఆ జవాబు మనిషి కోసం రాసింది కావడమే. కంపెనీ వారు తర్వాతి వెర్షనులో ఒక వరుస పక్కకు జరిపినా, ఒక మాట మార్చినా మనిషి గ్రహించుకుంటాడు. ప్రోగ్రాము మాత్రం మూడో వరుసలో ఉన్నదాన్నే పోర్టు నంబరు అనుకుని ముందుకు పోతుంది. తప్పు చేసినట్టు కూడా దానికి తెలియదు.

ఎస్‌ఎన్‌ఎంపి అని 1988లో వచ్చిన పద్ధతి ఒకటి ఉండనే ఉంది. యంత్రం వేడెక్కిందా, లైను నిండిందా అని కనిపెట్టి చూడడానికి అది బాగా పనికి వచ్చింది. కాన్ఫిగరేషన్ రాయడానికి మాత్రం దాన్ని వాడినవారు తక్కువ. 2002 జూన్‌లో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు వారు నెట్‌వర్కులు నడిపేవాళ్లనూ, ప్రమాణాలు రాసేవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టారు. ఆ చర్చల సారం 2003లో ఆర్‌ఎఫ్‌సి 3535 పేరుతో వెలువడింది. నడిపేవాళ్లు అడిగినవి చూస్తే మనవాళ్లెవరో రాసినట్టే ఉంటుంది. వాడడానికి సులువుగా ఉండాలన్నారు. మనం పెట్టిన అమరిక వేరు, యంత్రం ప్రస్తుత స్థితి వేరు, లెక్కల గణాంకాలు వేరు, ఈ మూడూ కలిపేయొద్దన్నారు. కాన్ఫిగరేషన్ మొత్తాన్ని దించుకుని మళ్లీ ఎక్కించగలగాలన్నారు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటో పోల్చి చూసుకోగలగాలన్నారు. మన టేపూ, మన బీరువా, మన మార్పుల రిజిస్టరే కదండీ ఇవి!

ఇక్కడ ఎక్స్‌ఎంఎల్ ప్రవేశించింది. 1998 ఫిబ్రవరి 10న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ప్రకటించిన రాత పద్ధతి ఇది. తెల్లకాగితం మీద రాసిన అర్జీకీ, అచ్చు ఫారానికీ ఉన్న తేడా మీకు చెప్పనక్కరలేదు. "అయ్యా, నేను 1952లో జన్మించి, 1974లో ఉద్యోగంలో చేరి..." అని రాసిన అర్జీలో పుట్టిన సంవత్సరం ఏదో గుమాస్తా వెతుక్కోవాలి. ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి వివరానికీ ముందొక చీటీ, వెనకొక చీటీ అంటిస్తాం. ఇలాగ:

<పుట్టినతేదీ>1952-07-15</పుట్టినతేదీ>

ఇది ఏ వరుసలో ఉన్నా, ముందు ఎన్ని ఖాళీలున్నా, ప్రోగ్రాము పొరబడదు. చీటీ లోపల చీటీలు పెట్టవచ్చు కాబట్టి కుటుంబం, అందులో సభ్యులు, ఒక్కొక్క సభ్యుడికీ వివరాలు అని చెట్టు కొమ్మల్లాగా అమర్చుకోవచ్చు. ఇంకొక సంతోషం ఏమిటంటే చీటీల పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టుకోవడానికి కూడా ఎక్స్‌ఎంఎల్ అనుమతిస్తుంది. పైన రాసింది నా సరదా కాదు, నిజంగా చెల్లుతుంది.

అయితే చీటీలు అంటించినంత మాత్రాన సరిపోదు. పుట్టిన తేదీ చీటీలో ఎవరైనా "ఉగాది మర్నాడు" అని రాస్తే? పిన్‌కోడులో అయిదంకెలే వేస్తే? ఏ గడిలో ఏం ఉండవచ్చు, ఏది తప్పనిసరి, ఏది రెండుసార్లు రాకూడదు అని ముందే రాసిపెట్టుకున్న నిబంధనల పత్రాన్నే డేటా మోడల్ అంటారు. నామినీ మైనరైతే సంరక్షకుడి పేరు తప్పనిసరి అని మన ఫారాల్లో ఉంటుంది. మేజరైతే ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు. అది కూడా మోడల్లో భాగమే. మనం ముప్ఫయ్యేళ్లు ఇలాంటి ఫారాలు నింపాం, తిరగ్గొట్టాం, తిరగ్గొట్టించుకున్నాం. కనుక డేటా మోడలింగు మనకు రాని విద్య అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

రూటర్ల కోసం రాసిన ఇలాంటి నిబంధనల భాష పేరు యాంగ్. "మరింకొక కొత్త తరం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపి, కాస్త హాస్యంగా పెట్టిన పేరు. 2010 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సి 6020గా వచ్చింది, 2016లో దాని 1.1 వెర్షను వచ్చింది. ఎక్స్‌ఎంఎల్ లోకంలో స్కీమా భాషలు అప్పటికే లేకపోలేదు. అయితే నెట్‌వర్కు నడిపే మనిషి సాయంత్రం డ్యూటీలో కూర్చుని చదివి అర్థం చేసుకునేలా ఉండాలన్నది యాంగ్ రాసినవారి పట్టుదల. నా మటుకు నాకు అది సరైన నిర్ణయం అనిపిస్తుంది. డేటా ఎక్స్‌ఎంఎల్‌లో పోతుంది, దాన్ని తనిఖీ చేసే నిబంధన యాంగ్‌లో ఉంటుంది.

ఒక ఉదాహరణ. రూటరులో ఒక్కో పోర్టునూ ఇంటర్‌ఫేస్ అంటారు. దాని మోడల్ ఏమంటుందంటే, ప్రతి ఇంటర్‌ఫేసుకూ పేరు ఉండాలి, ఒకే పేరు రెండింటికి ఉండకూడదు. దాని రకం ఏమిటో చెప్పి తీరాలి. తెరిచి ఉందా మూసి ఉందా చెప్పకపోతే తెరిచి ఉన్నట్టే లెక్క. ఐపి వెర్షన్ 4 చిరునామా ఇస్తే దాని ముందుభాగం పొడుగు 0 నుంచి 32 లోపు ఉండాలి, 33 అని పంపితే యంత్రం తిప్పికొడుతుంది. ఒకచోట ఒక పేరును ప్రస్తావిస్తే ఆ పేరుగలది అసలు జాబితాలో ఉందా అని కూడా చూడమనవచ్చు. ఊళ్లో లేని మనిషి పేరు మీద రిజిస్టరు ఉత్తరం రాకుండా ఆపడం లాంటిది.

ఈ డేటాను యంత్రానికి చేరవేసే పద్ధతి పేరు నెట్‌కాన్ఫ్. 2006 డిసెంబరులో మొదటి రూపం, 2011లో సవరించిన రూపం వచ్చాయి. జునిపర్ సంస్థ అంతకుముందే తన రూటర్లతో ఎక్స్‌ఎంఎల్‌లో మాట్లాడే ఏర్పాటు చేసుకుంది, ఆ అనుభవం ఇందులోకి దిగింది. నెట్‌కాన్ఫ్‌లో నాకు నచ్చిన విషయాలు రెండున్నాయి.

మొదటిది చిత్తుప్రతి. నడుస్తున్న కాన్ఫిగరేషన్‌ను నేరుగా ముట్టుకోకుండా, దానికి ఒక చిత్తు నకలు తీసి అందులో మార్పులు చేస్తారు. ఆ సమయంలో ఇంకెవరూ వేలు పెట్టకుండా తాళం వేసుకోవచ్చు. అన్నీ సరిగ్గా ఉన్నాయా అని యంత్రాన్నే అడిగి, సరే అంటే అమలు చేయమంటారు. అన్ని మార్పులూ పడితే పడతాయి, లేకపోతే ఒక్కటీ పడదు. సగం పని జరిగి సగం ఆగిపోయిన రాత్రులు ఎలా ఉంటాయో ఎక్స్చేంజిలో పనిచేసిన వారికి తెలుసు.

రెండోది ఇంకా ముఖ్యం. దూరాన ఎక్కడో కొండ మీద ఉన్న రూటరును ఇక్కణ్ణుంచి మారుస్తున్నాం అనుకోండి. ఆ మార్పు వల్ల మనకూ ఆ రూటరుకూ మధ్య ఉన్న దారే తెగిపోతే? కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. జీపు వేసుకుని అక్కడికి పోవలసిందే. నెట్‌కాన్ఫ్‌లో షరతు మీద అమలు అనే ఏర్పాటు ఉంది. మార్పు అమల్లోకి వస్తుంది, కానీ నిర్ణీత గడువులోగా మనం తిరిగి "ఖాయం" అని చెప్పాలి. మామూలుగా ఆ గడువు 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. దారి తెగి మన మాట చేరకపోతే యంత్రం తనంతట తాను పాత కాన్ఫిగరేషన్‌కు మళ్లిపోతుంది. అన్ని యంత్రాల్లోనూ ఈ సౌకర్యం ఉండాలన్న నిర్బంధం లేదు. ఉన్నచోట వాడకపోవడం మాత్రం అన్యాయం.

ఇదంతా విని ఇక భయం లేదనుకోకండి. కెనడాలో 2022 జూలై 8న రోజర్స్ అనే పెద్ద టెలిఫోన్ సంస్థ నెట్‌వర్కు కూలిపోయింది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఖాతాదారులకు ఫోన్లు, ఇంటర్నెట్ లేవు. డెబిట్ కార్డు చెల్లింపులు ఆగాయి. ఎమర్జెన్సీ నంబరు 911కు చాలామంది ఫోన్లు కలవలేదు. కారణం ఏమిటంటే, ఏడు దశల మార్పుల్లో ఆరో దశలో, రూటర్ల కాన్ఫిగరేషన్ నుంచి ఒక వడపోత నిబంధనను తీసేశారు. అది లేకపోయేసరికి దారుల సమాచారం వరదలా మూల రూటర్ల మీద పడి అవి చతికిలబడ్డాయి. ఆ పనిని మొదట ప్రమాదం ఎక్కువ అనే తరగతిలోనే పెట్టారట. ముందు దశలు సజావుగా జరిగాయి కదా అని లెక్క కట్టే పద్ధతి ఆరో దశను ప్రమాదం తక్కువ తరగతికి దించింది. పైగా యంత్రాలను చక్కదిద్దడానికి పోవలసిన దారి కూడా కూలిన నెట్‌వర్కు మీదుగానే ఉంది. ఇంజినీర్లు బయటే నిలబడిపోయారు. మన ట్రాన్స్‌మిషన్ మిత్రులకు ఆర్డర్ వైరు విలువ తెలుసు గనుక ఇది విని నిట్టూరుస్తారు.

ఒక వడపోతను తీసేయడం వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు. మోడల్ చూసేది గడి సరిగ్గా నిండిందా అని. నింపినవాడి ఉద్దేశం, దాని పర్యవసానం మోడల్‌కు తెలియవు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మాయమైనప్పుడు కూడా మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక కమాండే మూలం. అలాంటి కమాండ్లను ఆపవలసిన తనిఖీ ప్రోగ్రాములోనే లోపం ఉందని ఆ సంస్థే చెప్పింది. అందుకే పనిచేసే పిల్లలతో నేను అనేది, యంత్రం సరే అన్న తర్వాత కూడా పక్కసీటు మనిషికి ఒకసారి చూపించమని.

ఇంకో తంటా ఉంది. ఒకే ఇంటర్‌ఫేసుకు ప్రమాణాల సంస్థ రాసిన మోడల్ ఒకటి, ఆపరేటర్లు కలిసి ఓపెన్‌కాన్ఫిగ్ పేరుతో రాసుకున్నది ఒకటి, కంపెనీల సొంత మోడళ్లు మరికొన్ని. ఒకే మనిషికి నాలుగు కార్యాలయాల్లో నాలుగు సర్వీసు బుక్కులున్నట్టు. ఈ మధ్య కుర్రవాళ్లకు ఎక్స్‌ఎంఎల్ అంటే మొహం మొత్తి, 2017లో వచ్చిన రెస్ట్‌కాన్ఫ్ ద్వారా జేసన్ అనే తేలికపాటి రూపంలో పంపుతున్నారు. రూపం మారినా లోపలి యాంగ్ నిబంధనలు అవే.

చివరగా మన ఇంటి సంగతి. సంఘం సభ్యుల రిజిస్టరును కంప్యూటరులో ఎక్కించాలని కార్యవర్గం తీర్మానించింది. ఎక్కించే ముందు గడులు ఏమిటో, నిబంధనలు ఏమిటో ఒక కాగితం మీద తేల్చుకుందామని నా విన్నపం. ముఖ్యంగా భార్య లేక భర్త పేరు. పింఛను ఉత్తర్వులో "వెంకట సుబ్బమ్మ", బ్యాంకులో "వి. సుబ్బమ్మ", ఆధార్‌లో "సుబ్బాయమ్మ" అని ఉంటే, కుటుంబ పింఛను అడగవలసి వచ్చిన రోజున ఆవిడ ఒక్కతే కౌంటరు ముందు నిలబడి తానే ఆవిడనని రుజువు చేసుకోవలసి వస్తుంది. ఎక్కడ రాసినా ఒకే పేరు ఉండాలి, పింఛను ఉత్తర్వుతో అక్షరం అక్షరం సరిపోవాలి అన్నది మన మొదటి నిబంధన కావాలి. బయట బల్ల మీద నమూనా ఫారాలు పెట్టించాను. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఇంట్లో ఆవిడను దగ్గర కూర్చోబెట్టుకుని నింపండి. తేడా కనిపిస్తే జనవరి సమావేశానికి తీసుకురండి, దిద్దుబాటు అర్జీ రాయడానికి నేనూ, కోశాధికారి గారూ ఉదయం పది నుంచి ఉంటాం.