మంచు నేలలో పెరుగుతున్న పొదలు

 

మనలాంటి జనం ఇంకెక్కడ ఉన్నారని పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. అందుకే ఈరోజు భూమికి ఉత్తరపు కొసన రెయిన్‌డీర్ మందలు మేపుకునే వాళ్ల గురించి చెబుతాం. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా ఉత్తర భాగాల్లో సామీలు, రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో నేనెట్స్ జనం ఉంటారు.

అక్కడి టండ్రా నేలలో పెద్ద చెట్లు ఉండవు. నాచు, గడ్డి, పొట్టి పొదలు, లైకెన్ ఉంటాయి. లైకెన్ మనకు కొత్త కాదు, మసాలాలో వేసే రాతిపువ్వు ఆ కోవదే. చలికాలంలో రెయిన్‌డీర్ గిట్టలతో మంచు తవ్వుకుని తినేది ఎక్కువగా దీన్నే. ఇది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది.

1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు 4 రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దాంతో విల్లో, బిర్చ్, ఆల్డర్ పొదలు ఎత్తు పెరిగి కొత్త చోట్లకు పాకుతున్నాయి. అలాస్కాలో 1940లలో విమానం నుంచి తీసిన ఫోటోలను, 50 ఏళ్ల తర్వాత అవే చోట్ల తీసినవాటితో పోలిస్తే ఈ మార్పు తెలిసింది.

పచ్చదనం పెరిగితే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ పొద నీడలో లైకెన్ తగ్గిపోతుంది. తెల్లని మంచు ఎండను తిప్పికొడితే, ముదురు రంగు కొమ్మలు పీల్చుకుంటాయి. పొదల్లో ఆగిన మంచు దుప్పటిలా కప్పి నేలను చల్లబడనివ్వదు. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల కరగడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో కష్టం చలికాలపు వాన. మంచు మీద వాన పడి గడ్డకడితే మేత మీద గాజు మూత బిగించినట్టే. 2013 నవంబరులో యమాల్‌లో అలా జరిగి, ఆ చలికాలంలో సుమారు 61,000 రెయిన్‌డీర్ ఆకలితో చనిపోయాయి.

మంచు కింది మేత పశువుకు అందుతుందా లేదా అన్నది చెప్పడానికి సామీ భాషలో 'గువొహ్తున్' అనే ఒక్క మాట ఉంది. ఆ మాట పుస్తకంలో పుట్టలేదు, మంద వెంట తిరిగినవాళ్ల నోట పుట్టింది. నేనెట్స్ పిల్లలు చాలామంది బడి నెలల్లో హాస్టళ్లలోనే ఉంటారు. అది చదివినప్పుడు మాకు మన పిల్లలే గుర్తొచ్చారు. బడి కావాల్సిందే, మేము ఈ ఉద్యోగంలోకి వచ్చింది బడి వల్లే. అడవి చదువు కూడా కావాలి.

పిల్లలూ, ఈ దసరా సెలవుల్లో అవ్వాతాతలను అడిగి 10 మొక్కల పేర్లు మీ భాషలో రాసుకురండి. ఏది ఇదివరకు ఎక్కడ దొరికేది, ఇప్పుడు ఎక్కడ దొరుకుతోందో కూడా రాయండి. వాటికోసం హాస్టల్లో ఒక రిజిస్టర్ పెడతాం. మార్పును పట్టుకోవాలంటే ముందు పేరు తెలియాలి కదా.