చలికాలంలో పెరటి కోళ్ళు – నా అనుభవం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో మంచిర్యాలలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కని తేల్చి చెప్పింది. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడినారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "మీ కోళ్ళ సంగతి చెప్పండి" అన్నారు. జీవితమంతా ఫైళ్ళు కట్టిన గుమాస్తాను. నోట్ ఫైలు రాయడం వచ్చు గాని ఉపన్యాసం రాదు. తప్పులుంటే మన్నించగలరు.

నేను రిటైరైనది 2008లో. అప్పటికి మన మంచిర్యాల ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, వేరే జిల్లా అయింది. జిల్లా మారినా చలి మారలేదు. మనకు మంచు అంటే పొగమంచు, తెల్లారి గడ్డి మీది మంచు బొట్లు, అంతే. అయినా డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరం గాలి మళ్ళిందంటే ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపు ఐదారు డిగ్రీలకు పడిపోవడం మనమంతా చూసినదే.

రిటైరైన మరుసటి ఏడు పెరట్లో పద్నాలుగు కోళ్ళను పెట్టినాను. పొద్దున లేవగానే వాటిని లెక్కపెట్టడం నాకు హాజరు పట్టీ తీసినట్టే ఉండేది. ఆ డిసెంబరులో చలి బాగా ముదిరింది. కోళ్ళు రెక్కలు ముడుచుకొని వణుకుతున్నట్టు తోచింది. అయ్యో పాపమని గూటి చుట్టూ పాలిథిన్ పరదా కట్టి, ఎక్కడా సందు లేకుండా మేకులు కొట్టినాను. ఇంట్లో ఒకటే కుంపటి. మనది బొగ్గు ప్రాంతం గదా, బొగ్గుకేం కరువు? నిప్పులు రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడినాక మా అమ్మ మంచం దగ్గర పెడదామని తీసుకుపోయినాను. అమ్మకు అప్పటికి ఎనభై దాటినవి. "నాకు రగ్గు సాలు బిడ్డా, ఆ నోరులేని జీవాల దగ్గర పెట్టు" అన్నది. తీసుకుపోయి గూట్లో ఒక మూల, కోళ్ళకు తగలకుండా రాళ్ళు అడ్డం పెట్టి ఉంచినాను.

తెల్లారి తలుపు తీస్తే పదకొండు కోళ్ళు చచ్చి పడి ఉన్నవి. నిప్పు ఎక్కడా అంటుకోలేదు. ఈక కూడా కమరలేదు. మా ఇంటావిడ ఒక కోడిని చేతిలోకి తీసుకొని, "రోగమైతే గిట్ల ఉంటదా? తురాయి ఎర్రగ నిగనిగలాడుతున్నది" అన్నది. పశువుల డాక్టరు గారు వచ్చి చూసి, కుంపటి ఎక్కడ పెట్టినారని మొదట అడిగినారు. బొగ్గు మండేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోట అది చేరుతుంది. తురాయి అట్లా ఎర్రబడడం దాని గుర్తే. చివరగా డాక్టరు గారు, "ఇది కోళ్ళ దగ్గర పెట్టినారు కాబట్టి సరిపోయింది" అని ఊరుకున్నారు. ఆయన ఏమన్నదీ నాకు అర్థమయ్యేసరికి కాళ్ళు వణికినవి. అమ్మ వద్దనకపోతే ఆ కుంపటి తలుపులు మూసిన గదిలో, ఆమె తలాపున ఉండేది.

ఆ తర్వాత నాలుగేండ్లు కోళ్ళ జోలికి పోలేదు.

2013 చివర మా అమ్మాయి దగ్గరికి, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రానికి వెళ్ళినాము. 2014 జనవరిలో అక్కడ పడ్డ చలి పత్రికలకెక్కిన చలి. సున్నాకు ఇరవై డిగ్రీలకు పైగా కిందికి దిగింది. మోకాలి లోతు మంచు. పక్కింటి ముసలావిడ అంత మంచులో పారతో దారి చేసుకొని పెరట్లోకి పోతుంటే ఎందుకని అడిగినాను. కోళ్ళకట! నాకు నమ్మశక్యం కాలేదు. ఆమె రమ్మంటే మా అమ్మాయిని వెంటబెట్టుకొని పోయి చూసినాను.

గూట్లో నిప్పు లేదు, హీటరు లేదు. పైగా కప్పు కింద రెండు వైపులా కిటికీలు తెరిచే ఉన్నవి! ఇంత చలిలో ఇవేమిటని అడిగితే ఆమె ఒక పుంజును చూపించింది. దాని తురాయి కొనలు నల్లబడి రాలిపోయినవి. ఒక ఏడు తానూ చలికి భయపడి అన్నీ మూసిందట. కోళ్ళ ఊపిరిలోని చెమ్మ, రెట్టలోని చెమ్మ బయటికి పోయే దారి లేక తురాయి మీదనే గడ్డకట్టింది. కోడిని చంపేది చలి కాదు, చెమ్మ, ఈదురుగాలి అని ఆమె చెప్పింది.

ఆలోచిస్తే నిజమే. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే, మనకంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. ఈకలు ఉబ్బించుకొని కూర్చుంటే ఆ ఈకల నడుమ నిలిచిన గాలే దానికి దుప్పటి. నేను వణుకు అనుకున్నది అదే. ఈకలు తడిస్తే, గాలికి విచ్చుకుంటే ఆ దుప్పటి పోయినట్టే. మన పెద్దలు కోళ్ళను వెదురు గంప కింద కమ్మేవారు. ఆ అల్లికలో సందులు ఊరికే లేవని నాకు మిచిగన్ పోయి వచ్చినాక గాని తెలియలేదు.

తిరిగి వచ్చి మళ్ళీ కోళ్ళను పెట్టినాను. ఇప్పుడు నేను చేసేది చెబుతాను. అవసరమున్నవారు రాసుకోగలరు.

గూటికి ఉత్తరం, తూర్పు వైపుల గోనె పరదాలు కడతాను. పొద్దుగూకినాక దింపుతాను, ఎండ రాగానే పైకి చుడతాను. పాలిథిన్ వాడను. కప్పు కింద జానెడు మేర ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పిల్లి, ముంగిస దూరకుండా అక్కడ జాలి కొట్టినాను. కోళ్ళు కూర్చునే కర్ర ఆ సందుకు బాగా కిందికి ఉండాలి. గుండ్రటి సన్న కర్రకు బదులు నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ వేస్తే, కోడి కూర్చున్నప్పుడు కాలివేళ్ళు పొట్ట ఈకల కింద దాగుతవి.

కింద నాలుగు అంగుళాల మందాన వరి ఊక పోసి, వారానికి రెండుసార్లు తిరగేస్తాను. తడిసిన చోట తీసేసి పొడి ఊక వేస్తాను. పొద్దున గూట్లో తల పెడితే ముక్కు ఘాటెక్కకూడదు, కళ్ళు మండకూడదు. మండితే గాలి చాలడం లేదని అర్థం. పొద్దున గోరువెచ్చని నీళ్ళు, సాయంత్రం గూట్లోకి పోయే ముందు గుప్పెడు మక్కలో జొన్నలో ఎక్కువ వేస్తాను. కడుపులో గింజ ఉంటే రాత్రంతా వేడి పుడుతుంది.

చలికాలంలో గుడ్లు తగ్గితే కోడి మీద కోపం వద్దు. గుడ్డు పెట్టడానికి దానికి రోజుకు 14 గంటలకు పైగా వెలుతురు కావాలి. డిసెంబరులో మన పగలు 11 గంటలే. మన రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వారు పెరటి పెంపకానికే తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతవి. అయినా వాటికీ ఈ లెక్క తప్పదు.

పిల్లల సంగతి వేరు. ఈకలు రానిదాకా వాటికి వేడి కావలసిందే. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఊకకు తగలకుండా బల్బు గట్టిగా వేలాడదీయాలి. థర్మామీటరు లేకపోయినా, పిల్లలన్నీ బల్బు కింద గుమిగూడితే చలి, అంచులకు పారిపోతే వేడి, అంతటా తిరుగుతుంటే సరిపోయినట్టు.

కొక్కెర తెగులుకు టీకా మరవవద్దు. డాక్టర్లు దానిని రాణిఖేత్ రోగమంటారు. మంచు కురిసే కుమావూ కొండల్లోని ఊరు పేరది. 1927లో మన దేశంలో అక్కడ గుర్తించినారు. ఆ కొండల్లోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధన కేంద్రంలో తయారైనదే ఇప్పటికీ వాడుతున్న ఆర్.2.బి. టీకా. పిల్లకు ఏడో రోజున లసోటా చుక్క, ఎనిమిదో వారం ఆర్.2.బి. సూది. రోగం వచ్చినాక మందు లేదు.

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. ముగిస్తాను.

అమ్మ ఆ తర్వాత ఆరేండ్లు బతికి, రగ్గు కప్పుకొనే వెళ్ళిపోయింది. మనమంతా డెబ్భై దాటుతున్నవాళ్ళం. చలికి కిటికీలు మూసుకోవాలనిపిస్తుంది. తలుపులు బిడాయించి కుంపటి పెట్టుకొని పడుకున్నవారు తెల్లారి లేవలేదన్న వార్తలు ప్రతి చలికాలం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. పొగ పోయింది గదా, నిప్పులు ఎర్రబడినవి గదా అనుకోకండి. నేనూ అట్లే అనుకున్నాను. రగ్గు రెండు కప్పుకోండి, స్వెటరు వేసుకోండి, చెవులకు మఫ్లరు చుట్టుకోండి, కుంపటి మాత్రం వాకిట్లో కాచుకొని అక్కడే ఆర్పి లోపలికి రండి. ఈ మాట ఇంటికి పోయి మీ పిల్లలకు, ఇంట్లో అద్దెకున్నవారికి కూడా చెప్పండి.

పదకొండు కోళ్ళు చచ్చి నాకు నేర్పిన పాఠమిది. మీరు ఊరికే తీసుకోండి.