పగలు రాడ్ బెండింగ్, రాత్రి ఇంగ్లీషు: మా మాస్టారి క్లాసు

మాటలు రాసుకోవడానికి వీలుగా ఉండాలని చాలామంది అడిగారు కాబట్టి, ఈ ఎపిసోడ్‌లో చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఈరోజు ఒక ఇంగ్లీషు మాస్టారి గురించి చెప్తాను. విదేశంలో ఇంగ్లీషు మాస్టారు అనగానే ఏసీ గదిలో, ఇస్త్రీ చొక్కాలో పిల్లలకి పాఠం చెప్పే మనిషి గుర్తొస్తాడు. సింగపూర్‌లో అలాంటివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పాసు వేరు, జీతం వేరు. నేను చెప్పే మాస్టారు మా సైటులో స్టీలు కడతాడు. వయసు ఇరవై ఏడు. మాది శ్రీకాకుళం జిల్లా, అతనిదీ అటువైపే. బీఏ, బీఎడ్ చేశాడు, టెట్ పాసయ్యాడు. ఆంధ్రలో 2018 తర్వాత మళ్ళీ డీఎస్సీ ఎప్పుడొస్తుందా అని అందరితోపాటు ఎదురుచూశాడు. ఇంట్లో గడవక 2023లో అప్పు చేసి, స్కిల్ టెస్టు పాసై ఇక్కడికొచ్చాడు. పేరు చెప్పొద్దన్నాడు. డార్మిటరీలో అందరూ మాస్టారనే పిలుస్తారు. నాకంటే చాలా చిన్నవాడు, అయినా నేనూ మాస్టారనే అంటాను.

అతని రోజు మన రోజే. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవాలి, బాత్రూం దగ్గర లైను, లారీ, ఎనిమిదింటికి టూల్‌బాక్స్ మీటింగు. సాయంత్రం ఓటీ ఉంటే తిరిగొచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. స్నానం చేసి ఇంటికి ఫోను. మనకి తొమ్మిదైతే ఊళ్ళో ఆరున్నరే, అమ్మ ఇంకా వంట మొదలుపెట్టి ఉండదు. తొమ్మిదింబావుకి మెట్ల పక్కన బెంచీల దగ్గర క్లాసు. వారానికి మూడు రోజులు, రోజుకి నలభై నిమిషాలు. చేతికి బైండింగ్ వైరు గీతలు, చేతిలో మార్కరు. బోర్డు ఏమిటంటే, సైటులో పారేసిన తెల్ల ప్లైవుడ్ ముక్క.

మొదటి వారం ఊళ్ళో బడిలో చెప్పినట్టే మొదలెట్టాడు. నౌను, వెర్బు, టెన్సులు. పద్నాలుగు మంది వచ్చారు. రెండో వారానికి అయిదుగురు మిగిలారు. అప్పుడు పాఠం పక్కన పెట్టి, "అన్నా, ఈరోజు మీరు అర్థం కాకుండానే తలూపిన మాట ఏది?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరికి వాళ్ళు చెప్పడం మొదలెట్టారు. ఆ రాత్రి పదిన్నరైనా ఒక్కరూ లేవలేదు. అప్పట్నుంచి క్లాసు అలాగే నడుస్తోంది. ఎవరో ఒకరు రోజూ సైటు నుంచి ఒక మాట పట్టుకొస్తారు.

మన పరిస్థితి మీకు తెలుసు. ఇక్కడ అధికార భాషలు నాలుగు: మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు. మా సైటు బోర్డుల మీద బెంగాలీ కూడా ఉంటుంది, తెలుగు ఉండదు. అందుకని మనవాళ్ళు ఆరు నెలల్లో తమిళం పట్టేస్తారు, దాంతో లిటిల్ ఇండియాలో బతికేయొచ్చు. కానీ పే స్లిప్పు, డాక్టరు, పర్మిట్ కాగితం, ఇవన్నీ ఇంగ్లీషే. అర్థం కానప్పుడు మనకి అలవాటైన మాట ఒక్కటే, "యెస్ బాస్". మాస్టారు దాన్ని రోగం అంటాడు. ఆయన బోర్డు మీద రాసి అందరితో పలికించే మొదటి మాట, "నాట్ క్లియర్ బాస్, ప్లీజ్ షో మీ". అర్థం కాలేదు, చూపించండి అని.

ఆ మాట విలువ నేను కళ్ళారా చూశాను. కిందటేడు ఒక స్లాబు కింద ప్రాపులు నిలబెట్టి ఉన్నాయి, కాంక్రీటు వేసి ఎన్నో రోజులు కాలేదు. పైనుంచి ఫోర్‌మన్ అరిచాడు, "డోంట్ రిమూవ్ ప్రాప్!" పక్కనే బ్రేకర్ మెషీను మోత. ఆ మోతలో "డోంట్" కొట్టుకుపోయింది, కిందున్న ఇద్దరికీ "రిమూవ్ ప్రాప్" అని వినపడింది. పర్మిట్ లేకుండా ప్రాపు ముట్టుకోకూడదని రూలుంది, అందరికీ తెలుసు. కానీ పెద్దాయన కేకేస్తే రూలు కంటే చెయ్యి ముందు కదులుతుంది. ఒకడు సుత్తి ఎత్తాడు. రెండోవాడు విజయనగరం కుర్రాడు, క్లాసుకి మూడు వారాలే వచ్చాడు. వాణ్ణి ఆపి, పైకి అరిచాడు, "బాస్! రిమూవ్, ఆర్ నో రిమూవ్?" ఫోర్‌మన్ రెండు చేతులూ అడ్డంగా పెట్టి చూపించాడు. సుత్తి కిందికి దిగింది. మర్నాడు టూల్‌బాక్స్ మీటింగులో నేనే ఆ సంగతి అందరికీ చెప్పాను. ఆ కుర్రాడు అడిగిన దాంట్లో గ్రామరు లేదు, దాని కింద నిలబడ్డ మనుషులు మాత్రం ఉన్నారు.

అంకెలు కూడా ఇలాంటివే. ఫిఫ్టీన్, ఫిఫ్టీ, మోతలో రెండూ ఒకటే. రాడ్‌కీ రాడ్‌కీ మధ్య 150 మిల్లీమీటర్లు అంటే 115 అని వినపడొచ్చు. అందుకే మాస్టారు విడివిడిగా తిరిగి చెప్పమంటాడు, "వన్, ఫైవ్, జీరో. కరెక్ట్, బాస్?" అని. ఇప్పుడు మా గ్యాంగులో బంగ్లా భాయిలు కూడా అలాగే చెప్తున్నారు.

ఇక పే స్లిప్పు. 2016 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ ప్రతి కంపెనీ వివరాలతో పే స్లిప్పు ఇవ్వాలి, అది చట్టం. బేసిక్, అలవెన్సు, డిడక్షను, ఓటీ గంటలు అన్నీ విడిగా ఉండాలి. ఓటీకి గంట బేసిక్ రేటు మీద కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. మాస్టారు ఒక రాత్రి ఈ నాలుగు మాటలే చెప్పాడు. వేరే కంపెనీలో పనిచేసే ఒకతను తన స్లిప్పు తీసి చూసుకుంటే ఓటీకి మామూలు రేటే వేశారు. ఏడాదిగా స్లిప్పులు దాచుకున్నాడు గానీ చదవలేదు. తర్వాత తన గంటలు నోటుబుక్కులో తేదీలతో రాసుకుని మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కి వెళ్ళాడు. తేడా డబ్బు వచ్చింది. ఆ సెంటర్ ఫోను 6536 2692, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. రాసుకోండి. అంబులెన్సుకి 995.

సింగ్లీష్ సంగతీ చెప్పాలి. వచ్చిన కొత్తలో మాస్టారికి ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు వింటే తలనొప్పి వచ్చేది. "కెన్?" "కెన్ లా." "ఈట్ ఆల్రెడీ?" ఇదేం ఇంగ్లీషన్నా అనేవాడు. ఈ గొడవ ఈ దేశానికే ఉంది. మంచి ఇంగ్లీషు మాట్లాడండి అని ప్రభుత్వమే 2000లో ఒక ఉద్యమం మొదలుపెట్టింది, అయినా హాకర్ సెంటర్‌లో "కెన్ లా" ఆగలేదు. ఇప్పుడు మాస్టారు రెండూ నేర్పుతాడు. వినడానికి సింగ్లీష్, ఫారం నింపడానికి అసలు ఇంగ్లీషు.

ఫీజెంత అని అడుగుతారు. ఫీజు లేదు, తీసుకోకూడదు కూడా. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు పర్మిట్‌లో ఉన్న కంపెనీకి, ఆ పనికి తప్ప ఇంకెక్కడా పనిచేయకూడదు. డబ్బు తీసుకుని పాఠం చెప్తే పర్మిట్‌కే ముప్పు. కుర్రాళ్ళు తలా అయిదు డాలర్లు పోగేస్తే తిరిగిచ్చేశాడు. దానికి బదులు వాళ్ళో ఏర్పాటు చేసుకున్నారు. క్లాసు ఉన్న రోజు మాస్టారికి వంట వంతు లేదు, గిన్నెలు కడిగే వంతూ లేదు.

2025 ఏప్రిల్‌లో ఆంధ్రలో డీఎస్సీ వచ్చింది. 16,347 పోస్టులు. ఏడేళ్ళు ఎదురుచూసినది. ఆ రాత్రి అతని ఫోను మోగుతూనే ఉంది, బీఎడ్ దోస్తులు, తమ్ముడు, మేనమామ. పరీక్ష రాయాలంటే కంపెనీ వదిలి వెళ్ళాలి, తీరని అప్పు ఇంకా లక్షా ముప్పైవేలుంది. వెళ్తే అప్పు ఎవరు కడతారు, వెళ్ళకపోతే మళ్ళీ ఎప్పుడు? వారం రోజులు సరిగ్గా తినలేదు. నన్ను అడిగాడు, "అన్నయ్యా, ఏం చెయ్యమంటారు?" నేను లెక్కలు రాసి చూపించానే గానీ నిర్ణయం చెప్పలేదు. అది అతని జీవితం. చివరికి వెళ్ళలేదు. అప్పు తీర్చి, వచ్చే డీఎస్సీకి కూర్చుంటానని ఇంటికి చెప్పాడు. ఈ క్లాసు అతనికి ఉద్యోగం కాదు. కానీ చదివిన చదువు చేతిలో నిలిచేది ఆ నలభై నిమిషాలే అంటాడు.

ఇది కొత్త సంగతేమీ కాదు. బంగ్లాదేశ్ నుంచి చిన్నప్పుడే ఇక్కడికొచ్చిన సజ్జాద్ హుస్సేన్ అనే కుర్రాడు తమ దేశపు కార్మికులకి ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి, 2013లో ఎస్‌డీఐ అకాడమీ పెట్టాడు. అది వేరే స్థాయి. మన డార్మిటరీల్లో డిగ్రీ, బీఎడ్ చదివి స్టీలు కట్టేవాళ్ళు, పెయింటు వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ గదిలో ఒకరుంటే అడగండి. ముందు డార్మిటరీ ఆఫీసులో చోటు కోసం అనుమతి తీసుకోండి. డబ్బు ఇవ్వొద్దు, వంట వంతు తీసేయండి. వచ్చినవాడు ఏ మాట తెచ్చినా నవ్వొద్దు, నవ్వితే మర్నాడు రాడు.

ఈ వారం ప్రాక్టీసుకి మూడు మాటలు. ఒకటి, నాట్ క్లియర్ బాస్, ప్లీజ్ షో మీ. రెండు, వన్, ఫైవ్, జీరో, కరెక్ట్? మూడు, ప్లీజ్ గివ్ మీ మై పే స్లిప్. పడుకునే ముందు పదిసార్లు పైకి అనండి. పక్క బెడ్డు వాడు తిడితే వాడితో కూడా అనిపించండి. వచ్చే ఎపిసోడ్‌లో డాక్టరు దగ్గర ఏం చెప్పాలో మాస్టారే వచ్చి చెప్తానన్నాడు. హెల్మెట్టు, హార్నెస్సు జాగ్రత్త. ఉంటాను.