కంప్యూటరు ఉన్నత విద్య - పంచాయతీల బాధ్యత

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

రహదారులు, మంచినీరు, వీధిదీపములు - వీనిని గురించి మీతో మాటలాడుటకు మేము తరచుగా వచ్చుచుందుము. నేటి విషయము వానివలె కంటికి కనబడునది కాదు. అయినను మీ గ్రామములలో పలు కుటుంబముల పొలము, పుట్ర దానితో ముడిపడియున్నవి. అదియే సమాచార సాంకేతిక శాస్త్రములో డిగ్రీ పిదప చేయు ఉన్నత విద్య.

కుమారుడో కుమార్తెయో డిగ్రీ ముగించిన వెంటనే ఇంటిలో ఒక ప్రశ్న బయలుదేరును. ఇంకను చదివింపవలెనా? ఎచట? సొమ్మెట్లు? ఈ ప్రశ్నకు తరచుగా ముందు జవాబు చెప్పువాడు పట్టణమునుండి వచ్చిన దళారి. సీటు ఇప్పించి కమీషను పుచ్చుకొనువాడు తనకు లాభించు కళాశాలను మెచ్చుకొనును గాని, విద్యార్థికి తగినదానిని చెప్పడు. అతని మాటపై పొలము తాకట్టు పెట్టి పిదప విచారించుటకంటె, ముందుగా విచారించుట మేలు. ఆ విచారణలో పంచాయతీ తోడు నిలువవలెనని చెప్పుటకే మేము వచ్చినాము.

మొదట ఈ విద్య యెట్టిదో చూతము. కంప్యూటరు నడుపుట వేరు, కంప్యూటరు శాస్త్రము చదువుట వేరు. ఉత్తరములు టైపు చేయుట, లెక్కల పట్టికలు నింపుట కొద్ది నెలలలో నేర్వవచ్చును. ఉన్నత విద్య అది కాదు. మీ ఇంటిపన్ను లెక్కనే తీసికొనుడు. ఒకే ఇంటి లెక్కను ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణమున రెండు చోట్ల దిద్దినచో, ఒకరి వ్రాత మరియొకరి వ్రాతను చెరిపివేయకుండుట ఎట్లు? సొమ్ము జమ అగుచుండగా కరెంటు పోయినచో లెక్క సగములో నిలిచిపోకుండుట ఎట్లు? వేలాది పేర్లలో ఒక పేరును రెప్పపాటులో వెదకుట ఎట్లు? పరాయివాడు చొరబడి అంకెలు మార్చకుండ కాపాడుట ఎట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పు శాస్త్రములే డేటాబేసులు, ఆల్గరిథములు, నెట్‌వర్కులు, సైబరు భద్రత. యంత్రములు మారును, కంప్యూటరు భాషలు పాతబడును. సూత్రములు తెలిసినవాడు క్రొత్తవానిని తానే నేర్చుకొనగలడు. ఉన్నత విద్య వలన కలుగు అసలు లాభము ఇదియే.

ఇది గ్రామస్థులకు అందని పండు కాదు. ఆచార్య రాజ్ రెడ్డిగారు 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామములో రైతు కుటుంబమున జన్మించిరి. ఆ కుటుంబములో కళాశాల మెట్లెక్కిన మొదటివారు వారే. 1958లో మద్రాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టము పొంది, పై చదువులలో కంప్యూటరు శాస్త్రమునకు మరలి, 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందిరి. మనుష్యుని మాటను యంత్రము గ్రహించునట్లు చేయు పరిశోధనలో అగ్రగణ్యులై, 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానమును మరియొక శాస్త్రజ్ఞునితో కలిసి అందుకొనిరి. గ్రామీణ విద్యార్థులకై 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ స్థాపనకు వారు తోడ్పడిరి. బాసర, నూజివీడు, ఇడుపులపాయలలోని ట్రిపుల్ ఐటీలు దానిలో పుట్టినవే.

ఇక మార్గములు. ఇంజనీరింగు చదివినవారికి మొదటి మార్గము గేట్ పరీక్ష. సాధారణముగా ఇది ఫిబ్రవరిలో జరుగును, దరఖాస్తులు అంతకుముందు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పుచ్చుకొందురు. బి.టెక్. మూడవ సంవత్సరములోని వారును వ్రాయవచ్చును. ఇందులో అర్హత పొంది గుర్తింపు గల కళాశాలలో ఎం.టెక్. చేరినవారికి, నిబంధనల మేరకు, నెలకు 12,400 రూపాయల వేతనము లభించును. అనగా మంచి ర్యాంకు తెచ్చుకొన్న విద్యార్థి తండ్రి భూమిపై భారము మోపకయే చదువుకొనవచ్చును.

బి.సి.ఏ., బి.ఎస్‌సి., బి.కాం. వంటి డిగ్రీలు గలవారికి ఎం.సి.ఏ. కలదు. గణితమునకు సంబంధించిన నిబంధన ముందుగా చూచుకొనవలెను. పూర్వము మూడేండ్లుగా నున్న ఈ చదువు 2020 నుండి రెండేండ్లయినది. దీనికి మన రెండు రాష్ట్రములలోను ఐసెట్ పరీక్ష కలదు. వరంగల్లు మొదలగు జాతీయ సాంకేతిక సంస్థలకు నిమ్‌సెట్ కలదు. ఇల్లు విడువలేని వారికి, పెండ్లియై చదువు ఆగిన ఆడపడుచులకు, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్య ద్వారా ఎం.సి.ఏ. చెప్పుచున్నది. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠములు ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఉచితముగా వినవచ్చును.

అప్పు తప్పనిసరియైనచో వడ్డీ వ్యాపారికంటె ముందు బ్యాంకు గడప త్రొక్కవలెను. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికైన ఉన్నత ప్రమాణముల విద్యాసంస్థలలో సీటు పొందినవారికి తాకట్టుగాని జామీనుగాని లేకుండ ఋణమిత్తురు. కళాశాల ఆ జాబితాలో ఉన్నదో లేదో ముందే చూచుకొనుడు.

ఈ విషయములో పంచాయతీ చేయదగిన పనులు నాలుగు. ఒకటి, గ్రామములో డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్న బాలబాలికల పేర్లు వ్రాసి యుంచుట. రెండు, పరీక్షల దరఖాస్తు తేదీలను నోటీసు బోర్డుపై అంటించుట, గ్రామసభలో చదివి వినిపించుట. మూడు, ఇంటిపన్నుతో గ్రంథాలయ సెస్సు వసూలు చేయునది మీరే కనుక, గ్రంథాలయములో ఈ విద్యార్థులకు ఒక బల్ల, దీపము, ఇంటర్నెట్టు ఉండునట్లు గ్రంథాలయ సంస్థను గట్టిగా కోరుట. నాలుగు, ఏ కుటుంబమైనను సొమ్ము కట్టుటకు ముందు ఆ కళాశాలకు గుర్తింపు కలదా, పాఠము చెప్పు అధ్యాపకులు ఎందరు, గత సంవత్సరము ఎందరు ఉత్తీర్ణులైరి అని అడిగి తెలిసికొనుటకు తోడ్పడుట.

ఉద్యోగము ఖాయమని ముందే మాట యిచ్చువానిని నమ్మవలదు. ఉద్యోగములు ఒక ఏడు విరివిగా దొరకును, మరియొక ఏడు కరవగును. కష్టపడి నేర్చిన విద్య మాత్రము విద్యార్థి వద్దనే నిలుచును. ఆడపిల్ల కింత చదువేల అను మాట మీ సభలలో వినబడినచో, బదులు చెప్పవలసినవారు మీరే.

చెరువుకట్టకు గండి పడినచో ఊరంతయు కదలుదురు. తెలియమిచే ఒక ఇంటి భూమి పోవుటయు, తెలివిగల బిడ్డ చదువు మానుటయు అట్టి గండ్లే. వానిని పూడ్చుటకు వలసినది పెద్ద నిధులు కాదు, సకాలములో చేరిన సమాచారము. దానిని మీ చేతులలో పెట్టుచున్నాము. గడప గడపకు చేర్పుడు.

జయహింద్.